ఐలమ్మ ఆ రోజు ఒంటరిగా లేదు



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల... ఈమధ్య పేరెంట్స్ మీటింగ్ ఎక్కడ జరిగినా ఒక ప్రశ్న వినిపిస్తోంది. స్కూల్లో కరాటే నేర్పిస్తారా అని. ట్యూషన్ అయ్యాక చీకట్లో నడిచి వచ్చే అమ్మాయి, సైకిల్ మీద ఒక్కడే వచ్చే అబ్బాయి, మెడలో పుస్తెలతాడుతో అంగడికి వెళ్లే అమ్మ... మీ భయం మాకు అర్థమవుతుంది. కరాటే మంచిదే, తప్పకుండా నేర్పించండి. కానీ ఇది సెప్టెంబర్ నెల. కరాటే పేరు కూడా వినని ఒక ఆడమనిషి, తన మీదికి వచ్చిన గుంపును ఎలా ఎదుర్కొన్నదో మీకు చెప్పాలనిపించింది. ఆమె మీకు తెలియని మనిషి కాదు. చాకలి ఐలమ్మ.

ఫ్యాన్సీ డ్రెస్ పోటీల్లో మన పిల్లలు ఐలమ్మ వేషం వేస్తుంటారు కదా. కొంగు నడుముకు చుట్టి, చేతిలో కర్ర పట్టుకుని, స్టేజీ మధ్యలో ఒక్కతే నిలబడుతుంది పాప. మనం చప్పట్లు కొడతాం. ఆ వేషంలో నాకు నచ్చనిది ఆ ‘ఒక్కతే’ అన్నదే. అసలు కథ అది కాదు.

ఆమె ఇంటిపేరు చిట్యాల. 1895లో ఇప్పటి వరంగల్ జిల్లా రాయపర్తి మండలం కృష్ణాపురంలో పుట్టారు. చిన్నప్పుడే పెళ్లయి పాలకుర్తికి కోడలిగా వచ్చారు. పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. నిజాం కాలం అది. దొరల ఇళ్లలో బట్టలు ఉతకడం చాకలివాళ్ల వంతు. కూలి ఉండదు, కాదనే హక్కూ ఉండదు. దాన్నే వెట్టి అనేవారు. ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి పెత్తనం కింద ఉండేవి.

కులవృత్తితో ఇల్లు గడవక ఐలమ్మ కుటుంబం మల్లంపల్లి దొర దగ్గర భూమి కౌలుకు తీసుకుంది. కొంత భాగం సాగులోకి తెచ్చి పంట పండించారు. చాకలామె సొంతంగా సేద్యం చేయడమే పెద్దవాళ్లకు గిట్టలేదు. దానికితోడు ఆమె ఆంధ్ర మహాసభలో చేరారు. పల్లెల్లో దాన్ని అందరూ సంఘం అనేవారు. పట్వారీ పొలంలో వెట్టికి రమ్మంటే వెళ్లలేదు. ఇక ఆమె మీద, సంఘం వాళ్ల మీద కేసులు మొదలయ్యాయి. భూమి తనదేనని దేశ్‌ముఖ్ కాగితాలు పుట్టించాడు.

1940ల మధ్యలో ఒక కోతల కాలం. పంట కోసుకుపోవడానికి దేశ్‌ముఖ్ వంద మంది దాకా గూండాలను పంపాడు. వాళ్ల వెంట కోతకు మనుషులనూ పంపాడు. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. వాళ్లు ఏం ఊహించుకుని వచ్చి ఉంటారు? ఏడుస్తూ కాళ్లమీద పడే ఒక ఆడమనిషి, భయపడి తలుపులు మూసుకునే ఊరు. కానీ చేను దగ్గర సంఘం నాయకులు, కర్రలు పట్టుకున్న 28 మంది వాలంటీర్లు ఉన్నారు. నినాదాలు చేస్తూ గూండాలకు ఎదురెళ్లారు. లెక్క ప్రకారం చూస్తే గూండాలే మూడింతలు. అయినా పారిపోయింది వాళ్లే. పంట కోసి, ధాన్యం ఐలమ్మ ఇంటికి చేర్చారు. తర్వాత పోలీసులు వచ్చినా ఆ ధాన్యాన్ని ముట్టలేకపోయారు.

వంద మంది ఎందుకు పరుగెత్తారు? నాకు తోచింది చెబుతాను. కిరాయికి వచ్చినవాడు దెబ్బలు తినడానికి రాడు. ఒంటరి మనిషి దొరుకుతుందనే ధైర్యంతో వస్తాడు. ఆ ఒంటరితనం లేకపోతే సగం బలం అక్కడే పోతుంది. సందు మలుపులో గొలుసు లాగేవాడి లెక్కా ఇంతే. ఎవరూ లేని చోటు, ఫోన్లో తల దించుకున్న మనిషి, అరిచినా తలుపు తీయని వీధి... వాడు వెతికేది ఇవే. అందుకే పిల్లలకు పిడికిలి బిగించడం కంటే ముందు గట్టిగా అరవడం, వెలుతురు ఉన్న కొట్టువైపు పరుగెత్తడం నేర్పాలి. మన ఇళ్లలో ఆడపిల్లకు గొంతు తగ్గించి మాట్లాడమని రోజూ చెబుతాం. అవసరమైన రోజున ఆ గొంతు ఎక్కడినుంచి వస్తుంది?

ఇంకో సంగతి దాచకూడదు. కర్రలు అన్నిసార్లూ గెలవలేదు. ఐలమ్మ ఇంటికి నిప్పు పెట్టారు, సంఘం నాయకులను పట్టుకుని హింసించారు. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద విస్నూరు దొర మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య అక్కడికక్కడే చనిపోయారు. కాబట్టి ఎదుటివాడి చేతిలో కత్తి ఉంటే ఎదురు తిరగొద్దని పిల్లలకు తప్పకుండా చెప్పండి. ఫోనైనా, గొలుసైనా ఇచ్చేసి తప్పించుకోవాలి. అది పిరికితనం కాదు.

చేను దగ్గర నిలబడటంతో ఐలమ్మ ఆగలేదు. కోర్టుకూ వెళ్లారు. ఆమె తరఫున వాదించింది కొండా లక్ష్మణ్ బాపూజీ. చేనేత సహకార సంఘాల కోసం పనిచేసిన ఆయన పేరు సిరిసిల్ల వాళ్లకు నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. తీర్పు ఐలమ్మ వైపే వచ్చింది. ఇప్పటి చట్టం కూడా ఒంటి మీదికి వచ్చినవాడిని అడ్డుకునే హక్కు మనకు ఇస్తుంది. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దీని గురించే. అయితే కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతే. దొంగ కింద పడ్డాక గుమిగూడి కొట్టడం ఆ హక్కులోకి రాదు. టెన్త్ అబ్బాయిలకు ఈ తేడా ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాల్సిందే. ఏం జరిగినా ఫిర్యాదు ఇవ్వండి. పరువు పోతుందని చాలా ఇళ్లలో దాస్తారు. అది వాడికే లాభం.

ఐలమ్మ 1985 సెప్టెంబర్ 10న పాలకుర్తిలో కన్నుమూశారు. 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు.

ఈ నెల 26 ఆమె జయంతి, మర్నాడు 27 బాపూజీ జయంతి. ఆ రెండు రోజుల్లో ఒక సాయంత్రం మీ పాపతోనో బాబుతోనో ఇంటి నుంచి ట్యూషన్ దాకా నడవండి. ఏ కొట్టులోకి పరుగెత్తాలో, ఏ ఇంటి తలుపు తట్టాలో వాళ్లనే చూపించమనండి. ఆ కొట్టు అన్నకు, ఆ ఇంటి అత్తమ్మకు పిల్లలను పరిచయం చేయండి. 112, 1098, మీ నంబరు... ఈ మూడూ ఫోన్ చూడకుండా చెప్పగలుగుతున్నారో లేదో అడిగి చూడండి.