చదువు రాదు... చిత్తడి దారులన్నీ వచ్చు!

అమెరికాలోని మేరీల్యాండ్‌ రాష్ట్రం, డార్చెస్టర్‌ కౌంటీ. ఎటు చూసినా బురద, రెల్లుగడ్డి, నీటి పాయలు. 1822 ప్రాంతంలో అక్కడ ఓ బానిస కుటుంబంలో హ్యారియట్‌ టబ్‌మన్‌ పుట్టింది. బడి ముఖం చూడలేదు. చిన్నపిల్లగా ఉన్నప్పుడే యజమాని ఆమెను పనికి అద్దెకిచ్చేశాడు. మస్క్‌రాట్‌ అనే నీటి ఎలుకల కోసం పెట్టిన ఉచ్చులను చలికాలం నీళ్లలో దిగి చూసి రావడమే ఆ పని. తట్టు పోసినా సెలవు లేదు. టీనేజ్‌లో ఓ పర్యవేక్షకుడు వేరొకరి మీదికి విసిరిన ఇనుప తూకం రాయి తలకు తగిలింది. దాంతో ఉన్నట్టుండి నిద్రలోకి జారిపోయే జబ్బు జీవితాంతం ఉండిపోయింది. ఆ తర్వాత తండ్రితో కలిసి అడవిలో కలప పని చేసింది.

1849లో తప్పించుకుని ఫిలడెల్ఫియా చేరింది. తను బయటపడితే చాలనుకోలేదు. తర్వాతి పదేళ్లలో సుమారు 13 సార్లు వెనక్కి వెళ్లి దాదాపు 70 మందిని తీసుకొచ్చింది. ప్లానింగ్‌ చూడండి. రాత్రిళ్లు పొడవుగా ఉంటాయని చలికాలం ఎంచుకునేది. పారిపోయినవాళ్ల ప్రకటన సోమవారం దాకా పేపర్లో రాదు కాబట్టి శనివారం రాత్రి బయలుదేరేది. పగలు అడవుల్లో, చిత్తడిలో దాక్కోవడం, రాత్రి ధ్రువ నక్షత్రాన్ని చూసి నడవడం. కుక్కలు వాసన పట్టకుండా నీళ్లలోంచి వెళ్లడం.

అంతర్యుద్ధంలో ఆమె సౌత్‌ కరోలినా వెళ్లింది. అక్కడి నేల కొత్త, మనుషుల యాస కూడా కొత్తే. అందుకే అక్కడి వరి మడుల్లో పనిచేసే బానిసలనే అడిగింది. కంబాహీ నదిలో శత్రువులు పేలుడు పదార్థాలు ఎక్కడ అమర్చారో వాళ్ల ద్వారానే తెలిసింది. 1863 జూన్‌ 2న ఆ సమాచారంతో సైన్యం పడవలు వెళ్లాయి. ఒక్క దాడిలో 700 మందికి పైగా విముక్తి దొరికింది.

అయితే ఆమె చేసిన పని సర్కారు కాగితాల్లో సరిగా నమోదు కాలేదు. పింఛను కోసం దశాబ్దాలు తిరిగింది. చివరికి 1899లో నెలకు 20 డాలర్లు ఖరారయ్యాయి. అందులో మాజీ సైనికుడైన భర్త తరఫున వచ్చే వితంతు పింఛనూ కలిసే ఉంది. 1913లో న్యూయార్క్‌ రాష్ట్రంలోని ఆబర్న్‌లో కన్నుమూసింది.

ఇంటర్వ్యూలో మీకేం వచ్చని అడిగితే డిగ్రీ దగ్గరే ఆగిపోకండి. పొలంలో, షాపులో, పార్ట్‌టైమ్‌ పనిలో నేర్చుకున్నదీ చెప్పండి. కొత్త చోట తెలియనిది అక్కడ పనిచేసేవాళ్లని అడగండి. చేసిన ప్రతి పనికీ ఓ కాగితం, ఓ మెయిల్‌ దాచుకోండి. హ్యారియట్‌కు లేకుండా పోయింది అదే.