‘నిల్’ అని రాసిన మహనీయుడు

ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం రాయమని మన కార్యదర్శిగారు కోరారు. దేశనాయకుల గురించి తోటి పెద్దలు ఎలాగూ రాస్తారు కనుక నేను ఆల్బర్ట్ మైకెల్సన్ గారిని ఎంచుకున్నాను. గుమాస్తాగా రిటైరైనవాడికి భౌతికశాస్త్రంతో ఏం పని అనుకోవచ్చు. దానికి కారణం మా మనవరాలు.

ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న ఆ అమ్మాయి కాలేజీలో తయారుచేసిన పరికరం చూడటానికి వెళ్లాను. దాదాపు వెంట్రుకంత సన్నని గాజు తీగలోకి లేజరు కాంతిని పంపి, రెండు దారులుగా చీల్చి, మళ్లీ కలుపుతారు. ఒక దారిలోని తీగను పీజో సెరామిక్ గొట్టానికి చుట్టారు. ఓల్టేజీ ఇస్తే గొట్టం రవంత ఉబ్బి తీగ సాగుతుంది. దాంతో రెండు కాంతులూ కలిసేచోట వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. ఆ మార్పును బట్టి ఓల్టేజీ లెక్కగడతారు. తీగను వేలితో తట్టినా ఆ అదురు నమోదవుతుంది. గాజు గుండా కరెంటు పారదు కనుక హైటెన్షన్ పరికరాల దగ్గర వాడటానికి అనువైనదట. దీనికి మూలపురుషుడెవరని అడిగితే మైకెల్సన్ పేరు చెప్పింది. ఆ తర్వాత లైబ్రరీలో కూర్చుని ఆయన చరిత్ర చదివాను.

మైకెల్సన్ 1852 డిసెంబరు 19న అప్పటి ప్రష్యాలోని స్ట్రెల్నోలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పోలెండులో ఉంది. పసితనంలోనే తల్లిదండ్రులు అమెరికా వలస వెళ్లారు. తండ్రి గనుల ఊళ్లలో దుకాణం నడిపేవాడు. 1869లో నౌకాదళ అకాడమీలో సీటు దక్కకపోతే, ఆ కుర్రవాడు తిన్నగా వాషింగ్టన్ వెళ్లి ప్రెసిడెంటు గ్రాంటును కలిశాడు. ప్రెసిడెంటు కోటా 10 సీట్లూ అప్పటికే నిండిపోయాయి. అయినా చివరకు అదనంగా ఒక సీటు ఇచ్చారు. పట్టుదలంటే అదీ!

చదువు ముగించి అక్కడే ఉపాధ్యాయుడై, 1879లో కాంతి వేగాన్ని సెకనుకు 2,99,910 కిలోమీటర్లుగా కొలిచారు. నేటి లెక్కకు తేడా సుమారు 118 కిలోమీటర్లే.

శబ్దానికి గాలి ఉన్నట్టే కాంతి ప్రయాణానికి ఈథర్ అనే పదార్థం ఉందని ఆనాటి శాస్త్రజ్ఞుల నమ్మకం. భూమి సూర్యుని చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది కనుక ఈథర్ ప్రవాహం తగలాలి. గోదావరిలో ఏటికి ఎదురు వెళ్లి తిరిగొచ్చే పడవకూ, అంతే దూరం అడ్డంగా దాటి వచ్చే పడవకూ పట్టే సమయం ఒకటి కాదు కదా. కాంతికీ ఆ తేడా ఉండాలని, దాన్ని పట్టుకోవడానికి ఇంటర్ఫెరోమీటరు నిర్మించారు. టెలిఫోను గ్రాహం బెల్ గారు డబ్బు సాయం చేశారు.

1881లో బెర్లిన్‌లో మొదలుపెడితే వీధి బండ్ల అదురుకు రాత్రిపూట కూడా పరికరం నిలవలేదు. పోట్స్‌డామ్ వేధశాల నేలమాళిగకు మార్చారు. అక్కడా వంద మీటర్ల దూరాన ఎవరైనా కాలితో నేలను తన్నితే వెలుగు చారలు చెదిరిపోయేవి. 1887లో క్లీవ్‌లాండులో మోర్లీ గారితో కలిసి పెద్ద రాతి పలకను పాదరసంపై తేల్చి, దాని మీద అద్దాలు అమర్చి మళ్లీ కొలిచారు. చార తన వెడల్పులో 0.4 వంతు జరగాలని లెక్క. అందులో నలభయ్యో వంతు కూడా కదిలినట్టు కనిపించలేదు. ఫలితం నిల్!

మనందరం నెలసరి స్టేట్‌మెంట్లు పంపినవాళ్లమే. నిల్ అని రాయడం ఎంత కష్టమో మనకు తెలుసు. నా సర్వీసులో ఒక నెల, పై అధికారి మొహం చూసి, జరగని పనికి ఒక అంకె వేశాను. ఎవరూ పట్టుకోలేదు. నేను మాత్రం ఈనాటికీ మరచిపోలేదు. మైకెల్సన్ గారికి ఈథర్ మీద మమకారం చివరిదాకా పోలేదంటారు. అయినా తన కోరికకు అనుగుణంగా అంకె దిద్దలేదు. 1905లో ఐన్‌స్టీన్ ఈథర్ అవసరం లేని సిద్ధాంతం చెప్పాక ఆ సున్నాకు అర్థం కుదిరింది.

అదే పరికరంతో ఆయన పారిస్‌లో మీటరు కొలబద్దను కాంతి తరంగాలతో కొలిచారు. 1907లో నోబెల్ బహుమతి అందుకున్నారు. విజ్ఞానశాస్త్రంలో ఆ గౌరవం పొందిన తొలి అమెరికన్ ఆయనే. కాంతి వేగాన్ని మరోసారి కొలిచే పనిలో ఉండగానే, 1931 మే 9న పాసడీనాలో కన్నుమూశారు.

ఆయన ఏ అదురుకు విసిగి నేలమాళిగకు వెళ్లారో, ఆ అదురునే మా మనవరాలు ఈనాడు కొలుస్తోంది. ప్రాజెక్టు రిపోర్టులో ఒక రీడింగు అనుకున్నట్టు రాలేదని బెంగపడితే, వచ్చింది వచ్చినట్టే రాయమని చెప్పాను. ఆ మాట చెప్పే అర్హత నాకు కొంత తక్కువే. అందుకే నా సంగతి కూడా దాచకుండా చెప్పాను.