వారపు సెలవు వెనుక లోఖండే శ్రమ
కర్మాగార తనిఖీకి కార్మికుని సాక్ష్యాన్ని జోడించిన నేత
నేడు వర్ధంతి

సిరిసిల్ల, ఫిబ్రవరి 9: వారానికి ఒక రోజు సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, గడువులోగా జీతం, పనిలో గాయపడితే పరిహారం... ఇవన్నీ నేడు కార్మికునికి చట్టం కల్పించిన హక్కులు. 1884లో మాత్రం ఇవి ఒక వినతిపత్రంలోని కోరికలు. ఆ పత్రాన్ని సిద్ధం చేసి, సుమారు 5,500 మంది మిల్లు కార్మికుల సంతకాలతో ప్రభుత్వ సంఘం ముందు ఉంచిన నాయకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే. భారత కార్మికోద్యమ పితామహునిగా చరిత్రకారులు పేర్కొనే ఆయన 1897లో ఇదే రోజున బొంబాయిలో కన్నుమూశారు. మరమగ్గాలపై ఆధారపడి వేలాది కుటుంబాలు జీవిస్తున్న ఈ ప్రాంతంలో ఆయన పేరు విన్నవారు తక్కువ. ఆయన సాధించిన ఫలితం మాత్రం అందరి అనుభవంలోనూ ఉన్నదే.

స్టోర్‌కీపర్‌గా చూసిన లోకం

లోఖండే 1848లో బొంబాయి సమీపంలోని ఠాణేలో పేద మాలీ కుటుంబంలో జన్మించారు. వారి పూర్వీకులది పుణె జిల్లాలోని కన్హేర్‌సర్ గ్రామం. మెట్రిక్యులేషన్ స్థాయి వరకు చదివిన ఆయన కొంతకాలం రైల్వే, తపాలా శాఖల్లో చిన్న ఉద్యోగాలు చేశారు. తరువాత బొంబాయి మాండ్వీ ప్రాంతంలోని ఒక బట్టల మిల్లులో స్టోర్‌కీపర్‌గా చేరారు. ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన ఉద్యోగం ఇదే.

బొంబాయిలో తొలి నూలు మిల్లు 1850లలో ప్రారంభమైంది. ఆయన ఉద్యోగంలో చేరేనాటికి నగరంలో మిల్లుల సంఖ్య బాగా పెరిగింది. అప్పటికి మిల్లుల్లో విద్యుద్దీపాలు లేవు. సూర్యోదయంతో యంత్రం కదిలేది, సూర్యాస్తమయంతో ఆగేది. అందువల్ల ఎండాకాలంలో పనిగంటలు పదమూడు, పద్నాలుగు వరకు సాగేవి. నిర్ణీత వారపు సెలవు లేదు. జీతం ఎప్పుడు చేతికందుతుందో తెలియదు. దూది ధూళి నిండిన గదుల్లో స్త్రీలు, పసిపిల్లలు సైతం పనిచేసేవారు. సరుకుల లెక్క చూసే ఉద్యోగి కావడం వల్ల లోఖండేకు యజమాని మాట, కార్మికుని మాట రెండూ వినబడేవి. కొంతకాలానికి ఆ ఉద్యోగం వదలి ఆయన పూర్తిగా ప్రజాసేవకు అంకితమయ్యారు.

దీనబంధు సంపాదకత్వం, తెలుగువారి తోడ్పాటు

మహాత్మా జోతిరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజంలో లోఖండే ప్రముఖ కార్యకర్త. కృష్ణారావు భాలేకర్ 1877లో పుణెలో ప్రారంభించిన దీనబంధు అనే మరాఠీ పత్రిక ఆర్థిక ఇబ్బందులతో ఆగిపోయే స్థితికి చేరగా, 1880లో లోఖండే దానిని బొంబాయికి తరలించి మరణించే వరకు నడిపారు. రైతులు, కూలీలు, మిల్లు కార్మికుల కష్టాలు ఆ పత్రికకు ప్రధాన విషయాలు.

ఈ ఉద్యమానికి తెలుగువారితోనూ బంధం ఉంది. ముంబయిలోని కామాఠిపురకు ఆ పేరు తెలంగాణ ప్రాంతం నుంచి వలస వెళ్లిన కామాఠీ కూలీల వల్లనే వచ్చింది. భవన నిర్మాణ గుత్తేదారులుగా స్థిరపడిన రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకు బాలోజీ కాలేవార్, జాయా కరాడీ లింగు వంటి తెలుగు కుటుంబాలవారు సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచారు. సమాజానికి ముద్రణ యంత్రం సమకూర్చిన దాతలలో అయ్యవారు ఒకరు.

చట్టం వచ్చింది, కార్మికుడు కనబడలేదు

దేశంలో తొలి కర్మాగారాల చట్టం 1881లో వచ్చింది. యంత్రశక్తితో నడుస్తూ వంద లేదా అంతకు మించి కార్మికులున్న చోట్లకే అది వర్తించింది. ఏడేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోరాదని, ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు తొమ్మిది గంటలు మించరాదని, వారికి గంట విరామం, నెలకు నాలుగు సెలవులు ఇవ్వాలని నిర్దేశించింది. ప్రమాదకర యంత్ర భాగాలకు అడ్డు కట్టాలని, ప్రమాదం జరిగితే తెలియజేయాలని కూడా చెప్పింది. వయోజనుల పనిగంటల గురించి అందులో ఒక్క మాట లేదు.

అమలును చూడవలసినవాడు తనిఖీ అధికారి. ప్రత్యేక అధికారి లేనిచోట జిల్లా మేజిస్ట్రేటే ఆ బాధ్యత వహించాలి. ఇతర పనుల భారం ఉన్న మేజిస్ట్రేటు మిల్లు లోపలికి వచ్చేది అరుదు. వచ్చినా యజమాని చూపించినదే చూసి వెళ్లే అవకాశం ఎక్కువ. అప్పట్లో జనన ధ్రువపత్రాలు లేవు. పిల్లవాడి వయసు ఏడా, పన్నెండా అన్నది చూపును బట్టి తేల్చవలసి వచ్చేది. చట్టం పుస్తకంలోనే ఉండిపోయింది. ఈ లోపాన్ని లోఖండే గుర్తించారు. తనిఖీ అధికారి చూసినదానికి తోడుగా కార్మికుడు చెప్పినది కూడా నమోదు కావాలన్నది ఆయన కృషిలోని సారాంశం.

సంతకాలతో సమాధానం

చట్టంలో మార్పులు అవసరమా అని పరిశీలించడానికి 1884లో బొంబాయి ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. ఆ సంఘం ముందు కార్మికుల పక్షాన మాట్లాడేవారు లేరని గ్రహించిన లోఖండే సెప్టెంబరులో పరేల్ ప్రాంతంలో మిల్లు కార్మికుల సభలు జరిపారు. బొంబాయి మిల్‌హ్యాండ్స్ అసోసియేషన్ ఏర్పడింది ఈ కాలంలోనే.

అక్కడ రూపొందిన వినతిపత్రంలో ప్రధానంగా అయిదు కోరికలున్నాయి. ఆదివారం పూర్తి సెలవు ఇవ్వాలి. మధ్యాహ్నం అరగంట విరామం ఉండాలి. పని ఉదయం ఆరున్నరకు మొదలై సూర్యాస్తమయానికి ముగియాలి. ఒక నెల జీతం మరుసటి నెల పదిహేనో తేదీలోగా చెల్లించాలి. పనిలో గాయపడిన కార్మికునికి కోలుకునేవరకు పూర్తి జీతం, శాశ్వతంగా అంగవైకల్యం కలిగితే జీవనభృతి ఇవ్వాలి.

నేడు చదివితే ఇవి సామాన్యమైన కోరికలనిపిస్తాయి. ఆనాడు మాత్రం యజమానులు వీటిని తీవ్రంగా వ్యతిరేకించారు. బొంబాయి బట్టతో పోటీ పడలేని లాంకషైర్ మిల్లుదారులే ఈ చట్టాల వెనుక ఉన్నారని పలు జాతీయవాద పత్రికలు వాదించాయి. అందులో కొంత సత్యం లేకపోలేదు. అయితే విదేశీ స్వార్థం ఉన్నంత మాత్రాన స్వదేశీ కార్మికుని అలసట అబద్ధం కాదని లోఖండే తన పత్రికలో వాదించారు.

1890: ఫలించిన పట్టుదల

ఆరేళ్లపాటు విజ్ఞప్తులు సాగాయి. 1890 ఏప్రిల్ 24న బొంబాయిలో జరిగిన సభకు సుమారు పదివేల మంది కార్మికులు తరలివచ్చారు. ఇద్దరు మహిళా కార్మికులు వేదికపై నుంచి మాట్లాడటం ఆ రోజుల్లో అపూర్వం. కార్మికుల డిమాండుకు తలొగ్గి మిల్లు యజమానుల సంఘం 1890 జూన్ 10న ఆదివారం సెలవుకు అంగీకరించింది.

అదే ఏడాది నియమితమైన కర్మాగార కార్మిక సంఘంలో బొంబాయి తరఫున పాలుపంచుకునే అవకాశం లోఖండేకు లభించింది. మిల్లులో సరుకుల లెక్క రాసిన వ్యక్తి మిల్లుల స్థితిగతులను విచారించే స్థానానికి చేరారు. ఆ విచారణ ఫలితంగా 1891 చట్టం వచ్చి 1892 జనవరి 1 నుంచి అమలైంది. యాభై మంది కార్మికులున్న చోట్లకు చట్టం విస్తరించింది. అందరికీ వారపు సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం దక్కాయి. స్త్రీలకు రోజుకు పదకొండు గంటల పరిమితి, పిల్లల కనీస వయసు తొమ్మిదేళ్లుగా నిర్ణయం జరిగాయి. గాలి, పారిశుద్ధ్యం విషయాల్లో నియమాలు చేసే అధికారం స్థానిక ప్రభుత్వాలకు లభించింది. పురుషుల పనిగంటల పరిమితికి బట్టల మిల్లుల్లో 1911 వరకు, ప్రమాద పరిహారానికి 1923 వరకు, జీతం గడువుకు 1936 వరకు ఆగవలసి వచ్చింది. వాటిని చూసేందుకు లోఖండే లేరు.

ఆయన స్థాపించిన సంఘానికి సభ్యత్వ రుసుము, నిధి, నిబంధనావళి లేనందున దానిని పూర్తి స్థాయి కార్మిక సంఘంగా పరిగణించలేమనే పరిశోధకులున్నారు. అయినా సంఘటితం కావడానికి చట్టం గుర్తింపే లేని రోజుల్లో వేలమందిని ఒక పత్రం చుట్టూ నిలపడం చిన్న విషయం కాదు.

ప్లేగు సేవలో తుదిశ్వాస

1893లో బొంబాయిలో మతకలహాలు చెలరేగినప్పుడు లోఖండే శాంతి సభ నిర్వహించి కార్మికుల మధ్య ఐక్యతకు కృషి చేశారు. 1895లో ప్రభుత్వం ఆయనకు రావుబహద్దూర్ బిరుదు ఇచ్చింది. 1896లో నగరాన్ని ప్లేగు చుట్టుముట్టింది. వేలాది మంది నగరం విడిచి వెళ్లారు. లోఖండే అక్కడే ఉండి రోగుల సేవలో నిమగ్నమయ్యారు. చివరకు అదే వ్యాధి సోకి మరణించారు. 2005లో భారత ప్రభుత్వం ఆయన స్మారకంగా తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఆయన పోరాటం నుంచి నేటి నియమాల వరకు

స్వాతంత్ర్యానంతరం 1948 కర్మాగారాల చట్టం రోజుకు తొమ్మిది, వారానికి 48 గంటల పరిమితిని కొనసాగించింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి-2020 అమలులోకి వచ్చింది. తనిఖీల సందర్భంగా వినబడే కొన్ని పదాలను కార్మికులు తెలుసుకోవడం మేలు.

ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్: పాత ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్‌కు కొత్త స్మృతి పెట్టిన పేరు. తనిఖీతో పాటు నియమాలను ఎలా పాటించాలో యజమానికి, కార్మికునికి వివరించడం కూడా ఆయన విధి. పనిచోట ప్రవేశించి రిజిస్టర్లు పరిశీలించవచ్చు, కార్మికులను విచారించవచ్చు.

రక్షణ కంచె: తిరిగే చక్రం, పట్టా, గేరు వంటి భాగాలకు చేయి, బట్ట తగలకుండా అమర్చే తొడుగు. సాంచా నడుస్తుండగా దీనిని తీసి ఉంచడం ప్రమాదానికి పిలుపు వంటిది.

ప్రమాద సమాచారం: పనిలో మరణం లేదా తీవ్ర గాయం సంభవిస్తే యజమాని అధికారులకు విధిగా పంపవలసిన నోటీసు. ఇది పంపకపోతే రికార్డు ప్రకారం ప్రమాదమే జరగనట్లవుతుంది. పరిహారం పొందడం కష్టమవుతుంది.

నిషేధ ఉత్తర్వు: ప్రాణహాని తక్షణమే పొంచి ఉన్నదని తనిఖీ అధికారి భావిస్తే, ఆ లోపం సరిదిద్దేవరకు అక్కడ పని ఆపాలని రాతపూర్వకంగా ఇచ్చే ఆదేశం.

భద్రతా సంఘం: యజమాని, కార్మికుల ప్రతినిధులు కలిసి కూర్చుని లోపాలను చర్చించే సంఘం. ప్రమాదం పొంచి ఉందని అనుమానం కలిగితే కార్మికుడు యజమానికి నేరుగా గాని, ఈ సంఘం ద్వారా గాని తెలపవచ్చు. తనిఖీ అధికారికి కూడా తెలియజేయవచ్చు.

కర్మాగారం: విద్యుత్తుతో నడిచే చోట పాత చట్టం పది మంది కార్మికులుంటే కర్మాగారంగా పరిగణించేది. కొత్త స్మృతి ఆ సంఖ్యను ఇరవైకి పెంచింది.

ఈ చివరి పదమే చిన్న షెడ్లకు కీలకం. నలుగురైదుగురు కార్మికులతో నడిచే సాంచాల ఖార్ఖానా కర్మాగారం నిర్వచనంలోకి రాదు. తనిఖీ అధికారి ఆ గడప తొక్కే అవకాశం తక్కువ. అయినంత మాత్రాన పట్టా లాగివేసే చేతికి నొప్పి తగ్గదు, దూది ధూళి ఊపిరితిత్తులను వదలదు. అటువంటి చోట ఆసామి, కార్మికుడు కలిసి కంచె బిగించుకోవడం, గాయమైన రోజు, వేళ, సాక్షుల పేర్లు కాగితంపై రాసి ఉంచుకోవడం, సంఘం ద్వారా అధికారులకు విన్నవించడం తక్షణ రక్షణ మార్గాలు. 1884లో బొంబాయి మిల్లుల్లో వయోజన కార్మికునికి చట్టం నీడ లేనప్పుడు లోఖండే చేసినదీ అదే. చూడని ప్రభుత్వానికి కనబడేలా కార్మికుని అనుభవాన్ని కాగితంపైకి ఎక్కించారు. తరువాతి చట్టాలు ఆ కాగితం వెంటే నడిచాయి.