లాడాలు కొట్టేవారి పాలక పునీతుడు

డిసెంబరు 1న తల్లి శ్రీసభ పునీత ఎలీజియుస్ గారిని స్మరించుకుంటుంది. స్వర్ణకారులకు, కమ్మరులకు, గుర్రాలకు లాడాలు కొట్టేవారికి, పశువైద్యులకు ఆయన పాలక పునీతుడు.

ఎలీజియుస్ గారు క్రీ.శ. 588 ప్రాంతంలో, నేటి ఫ్రాన్సు దేశంలోని లిమోజ్ పట్టణ సమీపాన జన్మించారు. కుమారుని చేతి నేర్పు చూసి తండ్రి ఆయనను అబ్బో అనే స్వర్ణకారుని వద్ద పనికి చేర్చారు. తరువాత రెండవ క్లోటేరు రాజు సింహాసనం చేయమని బంగారమిస్తే, ఆయన ఆ బంగారంతోనే రెండు సింహాసనాలు చేసి అప్పగించారు. తరుగు పేరు చెప్పి గురిగింజంత బంగారం కూడా దాచుకోలేదు. ఆ నిజాయితీ వల్లనే రాజుగారి నాణేల పని ఆయన చేతికి వచ్చింది. తరువాతి రాజు దాగొబేరుకు ఆయన సలహాదారు అయ్యారు.

మరి అంత సంపాదన ఏం చేశారు? ఓడల్లో అమ్మకానికి తెచ్చిన బానిసలను వెల చెల్లించి విడిపించారు. చేతిలో సొమ్ము చాలకపోతే ఒంటిమీది ఆభరణాలు సైతం ఇచ్చివేశారు. 632లో సోలిన్యాక్‌లో మఠం స్థాపించారు. 641లో నోయోన్ మేత్రాణులుగా అభిషిక్తులై, 660లో పరమపదించారు.

స్వర్ణకారునికీ గుర్రపు గిట్టకూ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. తరువాతి కాలంలో పుట్టిన ఒక కథ ఉంది. లాడం కొట్టనివ్వని గుర్రం కాలును ఎలీజియుస్ గారు వేరుచేసి, లాడం బిగించి, సిలువ గుర్తు వేసి మళ్ళీ అతికించారట! ఇది చరిత్ర కాదు. ఆయన కాలానికి ఐరోపాలో మేకులతో లాడాలు బిగించే అలవాటు ఇంకా వ్యాపించలేదు. కాని లాడం పని ఎంత జాగ్రత్త కోరుతుందో తెలిసినవారికి ఈ కథ ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది.

గుర్రం ఒక్కో కాలికి ఒకే వేలిమీద నిలుస్తుంది. ఆ వేలి కొసను కప్పిన గోరే గిట్ట. దాని బయటి గోడకు నొప్పి తెలియదు. లోపల మాత్రం వందలాది సన్నని మడతలు ఎముకను ఆ గోడకు పట్టి ఉంచుతాయి. వాటిలో నెత్తురూ నరాలూ ఉంటాయి. అడుగున ఈ రెంటి మధ్య తెల్లని గీత కనిపిస్తుంది. మేకు ఆ గీతకు వెలుపలే దిగాలి. కొంచెం లోపలికి పోయినా గుర్రం కుంటుతుంది, చీము పట్టవచ్చు. గిట్ట వెనుక భాగాన బాణపు ములికి ఆకారంలో మెత్తని భాగం ఉంటుంది. అది అడుగు దెబ్బను తట్టుకుంటూ నెత్తురు పైకి వెళ్ళేందుకు తోడ్పడుతుంది. గిట్ట నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి లాడం తీసి, గిట్ట చెక్కి, మళ్ళీ కొట్టాలి.

నొప్పి పుడితే గుర్రం నోరు తెరిచి చెప్పలేదు. ఓడలోని బానిస గోడు కూడా ఆనాడు వినేవారు లేరు. చెప్పుకోలేనివారి బాధను గమనించడమే ఎలీజియుస్ గారి పునీతత్వం. మీ ఇంట పనిచేసేవారినీ, మీ కొట్టంలోని పశువునూ ఈ వారం ఒకసారి ఆ కన్నుతో చూడండి.