నిస్సార భూమికి జీవం పోసిన విద్యావేత్త: జార్జి వాషింగ్టన్ కార్వర్

రాజ్యాలను జయించిన వారి పేర్లు చరిత్ర గ్రంథాలలో పుటల కొద్దీ కనిపిస్తాయి. ఎకరం బీడునేలను పచ్చని చేనుగా మార్చిన వారి పేర్లు మాత్రం అరుదుగా వినిపిస్తాయి. అట్టి అరుదైన వారిలో అమెరికా దేశపు వ్యవసాయ శాస్త్రజ్ఞుడు జార్జి వాషింగ్టన్ కార్వర్ ఒకరు. వేరుశనగ అనగానే ఆయనను తలచుకోవడం లోకానికి పరిపాటి అయింది. అయితే ఆయన జీవితాన్ని పరిశీలించిన కొద్దీ, ఆయన గొప్పతనం ఏ ఒక్క పంటలోనూ లేదనీ, శాస్త్రజ్ఞానాన్ని నిరుపేద రైతు గడప దాకా మోసుకొని పోవడంలో ఉన్నదనీ మాకు తోస్తున్నది. విద్యార్థి మిత్రులు ఈ విషయాన్ని గ్రహించాలన్న ఆశతో ఆ మహనీయుని జీవితాన్ని సంగ్రహంగా ఇక్కడ పొందుపరుస్తున్నాము.

కార్వర్ 1864 ప్రాంతంలో మిస్సోరీ రాష్ట్రంలోని డైమండ్ అనే పల్లెలో బానిస తల్లికి జన్మించారు. ఆయన పుట్టిన తేదీ ఎవరూ వ్రాసి ఉంచలేదు. అంతర్యుద్ధపు అలజడిలో దోపిడిమూకలు ఆ శిశువునూ, తల్లి మేరీనీ అపహరించాయి. యజమాని మోజెస్ కార్వర్ పంపిన మనిషి శిశువును మాత్రమే తిరిగి తేగలిగాడు. అందుకు ప్రతిఫలంగా ఒక గుర్రాన్ని ఇచ్చారని చెబుతారు. తల్లి జాడ మరి తెలియలేదు. బానిసత్వం రద్దయిన పిమ్మట మోజెస్ దంపతులే ఆ బాలుణ్ణి పెంచి అక్షరాలు నేర్పారు. దుర్బల శరీరం కావడం వల్ల పొలం పనులకు బదులు ఇంటి పనులు ఆయన పాలబడ్డాయి. తీరిక దొరికితే అడవిలో తిరిగి మొక్కలు తెచ్చి పెంచేవారు. వాడిపోతున్న మొక్కలను ఇరుగుపొరుగువారు ఆ బాలునికే చూపించేవారు.

ఊరిలోని బడి తెల్లవారి పిల్లలకే పరిమితం. అందుచేత ఆయన నియోషో పట్టణానికి నడచిపోయి నల్లజాతి పిల్లల బడిలో చేరారు. అటు పిమ్మట కాన్సాస్ రాష్ట్రంలో ఊరూరా తిరుగుతూ, బట్టలు ఉతికీ, వంటలు చేసీ చదువు సాగించారు. ఒక కళాశాల ఆయన దరఖాస్తును చూచి సీటు ఇచ్చి, తీరా మనిషిని చూచాక శరీరపు రంగును బట్టి నిరాకరించింది. ఆ అవమానాన్ని దిగమ్రింగి కొంతకాలం మెట్టసేద్యం చేశారు. 1890లో అయోవా రాష్ట్రంలోని సింప్సన్ కళాశాలలో చిత్రలేఖనం అభ్యసించారు. ఆయన చిత్రాలలోని మొక్కల వివరాన్ని చూచి ఉపాధ్యాయురాలు ఎట్టా బడ్ వృక్షశాస్త్రం చదువవలసిందిగా ప్రోత్సహించారు. 1891లో ఏమ్స్‌లోని అయోవా వ్యవసాయ కళాశాలలో ప్రవేశించి, అక్కడ మొదటి నల్లజాతి విద్యార్థి అయ్యారు. 1894లో పట్టభద్రులై, 1896లో ఎం.ఎస్. పట్టం పొందారు. మొక్కలకు తెగుళ్ళు కలిగించే శిలీంధ్రాల పరిశోధనలో అప్పటికే మంచి పేరు ఆర్జించారు. ఏమ్స్‌లోనే ఉండిపోతే ఆయనకు చక్కని ప్రయోగశాల, నిశ్చింత జీవనం లభించి ఉండేవి.

ఆ సమయంలో అలబామా రాష్ట్రంలోని టస్కీగీ నుండి ఆహ్వానం వచ్చింది. 1881లో నల్లజాతి వారి విద్యకై స్థాపింపబడిన ఆ సంస్థకు బుకర్ టి. వాషింగ్టన్ అధిపతి. కార్వర్ 1896లో అక్కడికి చేరుకొని చూడగా ప్రయోగశాల అన్నదే లేదు. విద్యార్థులను వెంటబెట్టుకొని చెత్తకుప్పలలో పారవేసిన సీసాలు, మూతలు, తీగముక్కలు ఏరించి, వాటితోనే పరికరాలు సమకూర్చుకొన్నారు. మరుసటి సంవత్సరం అలబామా ప్రభుత్వం ఏటా 1,500 డాలర్ల గ్రాంటుతో అక్కడ ఒక ప్రయోగ క్షేత్రాన్ని మంజూరు చేసింది. అంత స్వల్పమైన సొమ్ముతో ఆయన పరిశోధన ఆరంభమైంది.

ఆనాటి దక్షిణ రాష్ట్రాల నేల దుస్థితిని గురించి ఇక్కడ కొంత చెప్పవలసి ఉన్నది. తరతరాలుగా పత్తి మీద పత్తి వేయడంతో భూసారం హరించుకుపోయింది. వర్షాలకు పైమట్టి కొట్టుకుపోయింది. నల్లజాతి రైతులలో అత్యధికులు పంటలో భాగమిచ్చి పరుల భూమిని సాగుచేసేవారు. విత్తనానికీ తిండికీ వర్తకుని వద్ద అప్పు, పంట రాగానే ఆ అప్పు తీర్చడం, మరల అప్పు చేయడం వారి బ్రతుకు. రసాయనిక ఎరువులు కొనే స్తోమత వారికి లేదు. కనుక రైతు చేతిలో కాసు లేకున్నా ఆచరించగల పద్ధతులనే తాను వెదకాలని కార్వర్ నిశ్చయించుకొన్నారు.

పప్పుజాతి మొక్కల వేళ్ళ మీది బుడిపెలలో నివసించే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందించి నేలను బలపరుస్తాయని జర్మనీలో హెల్‌రీగెల్ ప్రభృతులు 1880 దశకంలో నిరూపించారు. ఆ నూతన సత్యాన్ని కార్వర్ అలబామా పొలాలకు తీసుకొని వచ్చారు. పత్తి వేసిన నేలలో మరుసటి పంటగా అలసందలు, వేరుశనగ వంటివి వేసి పంటమార్పిడి చేయవలసిందిగా బోధించారు. ఆహారానికై చిలగడదుంపను ప్రోత్సహించారు. అడవిలో రాలిన ఆకులు, చిత్తడి నేలలలోని నల్లమట్టి రైతుకు ఊరకే దొరికే ఎరువులని చేసి చూపించారు.

పశుపోషణను సైతం ఆయన విస్మరించలేదు. 1898లో వెలువడిన ఆయన మొదటి కరపత్రం పశువుల మేతను గురించినదే. అడవులలో ఓక్ చెట్ల క్రింద రాలి వ్యర్థమయ్యే కాయలను పందులకూ, పాడిపశువులకూ, కోళ్ళకూ మేపి, విలువైన మొక్కజొన్నను ఆదా చేయవచ్చునన్నది అందలి విషయం. ఇంటి వద్ద కోళ్ళను పెంచడం, కూరగాయలు పండించడం, మాంసాన్ని నిలువ చేయడం మొదలైన వాటిపై ఆయన వ్రాసిన కరపత్రాలు 40కి పైగా ఉన్నాయి. స్వల్పంగా చదువుకొన్న రైతుకు సైతం అర్థమయ్యే సులభ శైలి వాటి విశిష్టత.

అయితే కరపత్రం చదవలేని వారి మాట ఏమిటి? దానికి సమాధానంగా 1906లో ఒక సంచార పాఠశాల బయలుదేరింది. న్యూయార్కు ధనికుడు మోరిస్ జెసప్ ఇచ్చిన ధనంతో బండిని తయారుచేయించి, విత్తనాలు, పనిముట్లు, పాడి పరికరాలు అందులో సర్ది పల్లెలకు పంపారు. రైతు కళాశాలకు రాలేకపోతే కళాశాలే రైతు చేనికి వెళ్ళిందన్నమాట. ఈనాటి వ్యవసాయ విస్తరణ సేవలకు అమెరికాలో తొలి అడుగులు వేసిన వాటిలో అదొకటి.

మెక్సికో నుండి వచ్చిన ముక్కుపురుగు 1910 నాటికి అలబామా చేరి పత్తికాయలను నాశనం చేయసాగింది. రైతులు వేరుశనగ వైపు మరలడానికి అదే ముఖ్య కారణమైంది. 1916లో కార్వర్ వేరుశనగ సాగుతో పాటు 105 వంటకాలను వివరిస్తూ కరపత్రం వెలువరించారు. 1921లో అమెరికా ప్రతినిధుల సభా సంఘం ఎదుట వేరుశనగపై దిగుమతి సుంకం విషయమై వాంగ్మూలం ఇచ్చారు. ఆయనకు కేటాయించినది 10 నిమిషాలే. వినే కొద్దీ సభ్యుల ఆసక్తి పెరిగి ఆ గడువును పొడిగించారు. 1922లో వచ్చిన సుంకాల చట్టంలో వేరుశనగకు రక్షణ లభించింది. నల్లజాతి వారిని సరిసమానంగా చూడని ఆ రోజులలో ఇది సామాన్య విషయం కాదు.

మహనీయుల జీవితాలను వ్రాసేటప్పుడు సత్యానికి మించి పొగడడం భావ్యం కాదని మా అభిప్రాయం. వేరుశనగ వెన్నను కార్వర్ కనిపెట్టారన్న ప్రచారం నిజం కాదు. ఆయన పేర చెప్పే వందలాది ఉత్పత్తులలో విపణిలో నిలిచినవి బహు స్వల్పం. సంస్థలోని కోళ్ళ ఫారం నిర్వహణలో ఆయన విఫలులై బుకర్ వాషింగ్టన్ మందలింపులకు గురి అయ్యారు. అన్నింటికీ మించి, ఏ పంట వేయాలో నిర్ణయించే హక్కు లేని కౌలురైతుకు పంటమార్పిడి బోధ ఎంతవరకు ఉపకరించగలదు? భూమి హక్కు లేనిచోట శాస్త్రం సగం దూరమే పోగలదని ఆయన అనుభవం తెలుపుతున్నది. అయినప్పటికీ ఆ సగం దూరమైనా నడచిన వారు ఎందరు?

కార్వర్ వివాహం చేసుకోలేదు. ధనాపేక్ష లేదు. తాను కూడబెట్టిన సుమారు 60,000 డాలర్లను పరిశోధన నిమిత్తం ఒక ధర్మనిధికి సమర్పించారు. 47 సంవత్సరాలు టస్కీగీలోనే సేవ చేసి, 1943 జనవరి 5న కన్నుమూశారు. బుకర్ వాషింగ్టన్ సమాధి ప్రక్కనే ఆయనను ఖననం చేశారు. అదే సంవత్సరం ఆయన జన్మస్థలాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

ఈ కథ మన రాయలసీమకు పరాయిది కాదు. అనంతపురం మెట్టభూములలో వేరుశనగ దశాబ్దాల తరబడి ప్రధానమైన పంట. కాయలు కోసుకొన్న తరువాత మిగిలే కట్టె పశువులకు మేత. కానీ అలబామాలో పత్తి చేసిన పనినే ఇక్కడ ఏటేటా వేసిన వేరుశనగ చేసింది. వాన తప్పిన ఏడు రైతుకు వేరే ఆధారం లేకపోయింది. సాళ్ళ నడుమ కంది వేయండి, పంట మార్చండి అని మన శాస్త్రజ్ఞులు చెబుతున్నది కార్వర్ చెప్పిన మాటే. వేరుశనగను పట్టుకొని పంటమార్పిడిని మరచిన వారు కార్వర్ పేరును మాత్రమే స్మరించినట్లు.

ప్రయోగశాల లేదన్న కారణాన పరిశోధనను మానరాదని విద్యార్థులు ఈ జీవితం నుండి నేర్చుకొందురు గాక. అట్లని ప్రయోగశాల కల్పించే బాధ్యత నుండి పెద్దలు తప్పుకొనుటకు దీనిని సాకుగా గైకొనరాదని కూడా సవినయంగా మనవి చేస్తున్నాము. ఏటా 1,500 డాలర్లయినా ఇచ్చినవారు ఉండబట్టే టస్కీగీ క్షేత్రంలో మొదటి విత్తనం మొలకెత్తింది.