తెల్ల గుడ్డతో స్టూడియోలోకి పగటి వెలుగు తెచ్చారు.. కెమెరామెన్ సుబ్రతా మిత్రా కథ ఇదీ!

ఇంట్లో ఫొటోలు, రీల్స్ తీసేవాళ్లు ఇప్పుడు తెల్ల గొడుగు, థర్మాకోల్ షీట్ పెట్టి ముఖం మీద వెలుగు సర్దుకుంటున్నారు. ఖర్చు తక్కువ, ముఖం మాత్రం మెత్తగా, అందంగా వస్తుంది. ఈ కిటుకుని దాదాపు 70 ఏళ్ల కిందటే సినిమా సెట్‌లో చేసి చూపించారు సుబ్రతా మిత్రా.

1930 అక్టోబర్ 12న కలకత్తాలో పుట్టారు. ఫ్రెంచ్ దర్శకుడు జాన్ రెన్వా 'ది రివర్' తీయడానికి బెంగాల్ వచ్చినప్పుడు పని అడిగితే దొరకలేదు. అయినా వదల్లేదు. షూటింగ్ చూస్తూ ఏ లైట్ ఎక్కడ పెట్టారో బొమ్మలు గీసుకున్నారు, నోట్స్ రాసుకున్నారు. తర్వాత సత్యజిత్ రే తొలి సినిమా 'పథేర్ పాంచాలి'కి కెమెరా పట్టారు. అంతకు ముందు సినిమా కెమెరా ముట్టుకున్నదే లేదు!

అసలు పరీక్ష 1956లో వచ్చిన 'అపరాజితో'తో ఎదురైంది. కథలో కాశీలోని పాత ఇల్లు, మధ్యలో పైకప్పు లేని వాకిలి. అక్కడ వెలుగు ఆకాశం నుంచి నీడలు లేకుండా దిగుతుంది. వర్షాల భయంతో ఆ ఇంటి సెట్ కలకత్తా స్టూడియోలో వేస్తామన్నారు. మిత్రా ఒప్పుకోలేదు. స్టూడియో లైట్లు నేరుగా వేస్తే గట్టి నీడలు పడతాయి, సెట్ అని ఇట్టే తెలిసిపోతుందని ఆయన బాధ. కానీ సెట్ వేయక తప్పలేదు.

అప్పుడే ఐడియా తట్టింది. సెట్ పైన తెల్ల గుడ్డ పరిచి కట్టించారు. లైట్లను నటుల మీదకి కాకుండా, కింది నుంచి ఆ గుడ్డ మీదకి తిప్పారు. గుడ్డకు తగిలిన వెలుగు పరుచుకుని కిందకి దిగింది. అచ్చం పగటి వెలుగే!

ఇందులో సూత్రం సింపుల్. చిన్న బల్బు వెలుగు ఒక్క చోటు నుంచే వస్తుంది, అందుకే నీడ అంచు గట్టిగా ఉంటుంది. గుడ్డ, గొడుగు లాంటి పెద్ద తెల్లటి వస్తువు మీద పడి వస్తే అన్ని వైపుల నుంచీ తాకుతుంది, నీడ కరిగిపోతుంది. కాకపోతే వెలుగు కొంత తగ్గుతుంది. అందుకే గొడుగుని ముఖానికి వీలైనంత దగ్గరగా పెట్టాలి. దగ్గరైతే వెలుగు పెరుగుతుంది, ఇంకా మెత్తబడుతుంది కూడా.

'చారులత' సహా రే సినిమాలు ఎన్నింటికో మిత్రా పనిచేశారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. చివరి ఏళ్లలో కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పారు. 2001 డిసెంబర్ 7న కన్నుమూశారు. ఖరీదైన లైట్లు లేవని ఆగిపోయేవాళ్లు ఒక్కసారి 'అపరాజితో'లో ఆ వాకిలి సీన్లు చూడండి.. ఇంట్లో ఉన్న తెల్ల దుప్పటి విలువ తెలుస్తుంది.