సింహములను అడవికి చేర్చిన జార్జి ఆడమ్సన్

జార్జి ఆడమ్సన్ 1906వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన మన దేశమునందే, యమునా తీరమున గల ఇటావా పట్టణమున జన్మించెను. తండ్రి సైనికోద్యోగి. బాలుని చదువు మాత్రము ఇంగ్లండులో సాగెను. తండ్రి తూర్పు ఆఫ్రికాలోని కెన్యా దేశమున కాఫీతోట వేయగా, 1924లో పదునెనిమిదేండ్ల జార్జి అచటికి చేరెను. తోటపని ఆయనకు రుచింపలేదు. కొన్నాళ్ళు బంగారము వెదకెను, కొన్నాళ్ళు మేకల బేరము చేసెను, ధనవంతులను వేటకు తోడ్కొనిపోవు వృత్తియు చేసి చూచెను. ఏదియు కలసిరాలేదు. తుదకు 1938లో కెన్యా వన్యమృగ శాఖలో ఉద్యోగము దొరకెను.

ఉత్తరపు సరిహద్దు మండలము ఆయన అధికారమునకు లోబడినది. అది వాన తక్కువ, ముండ్లపొదలు ఎక్కువ గల ఎడారివంటి నేల. అందు సంచరించుచు దొంగవేటగాండ్రను పట్టుటయు, పశువులను మనుష్యులను చంపు క్రూరమృగములను కాల్చుటయు ఆయన విధులు. సింహముల రక్షకుడని పేరొందిన ఈయన ఉద్యోగధర్మముగా అనేక సింహములను చంపినవాడే. ఆయన కథ చెప్పువారు కొందరు ఈ సంగతిని దాటవేయుదురు గాని, దీనిని విడిచినచో తరువాతి జీవితము బోధపడదు. 1944లో ఆయన జాయ్ అను స్త్రీని వివాహమాడెను. ఆమె నాటి ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యమున పుట్టినది, మొక్కలను మనుష్యులను చిత్రించుటలో నేర్పరి.

1956 ఫిబ్రవరి 1వ తేదీన జరిగిన సంఘటన ఆ దంపతుల బ్రదుకును మార్చివేసెను. మనుష్యుని చంపిన సింహమును వెదకుచు పోయిన ఆడమ్సన్‌పైకి ఒక ఆడసింహము దూకెను. ఆయన దానిని కాల్చి చంపెను. పిమ్మట చూడగా సమీపమున రాతి సందులో మూడు కూనలు కనబడినవి. అది తన పిల్లలను కాచుకొనుటకై దూకినదని అప్పుడు తెలిసినది. ఆయన ఆ మూడింటిని ఇంటికి తెచ్చెను. పెద్దవి రెండు హాలండులోని రోటర్‌డాం జంతుప్రదర్శనశాలకు పోయినవి. అన్నిటికంటె చిన్నదైన ఎల్సా ఇంట నిలిచెను.

ఎల్సా పెరిగి పెద్దదైన కొలది దానిని ఏమి చేయవలయునను ప్రశ్న వచ్చెను. బోను ఒక దారి, అడవి రెండవ దారి. ఆ దంపతులు రెండవదానిని ఎంచుకొనిరి. ఇది వినుటకు సులభము. పంజరపు తలుపు తీసి చిలుకను ఎగురవేసినట్లు సింహమును విడువ వీలులేదు. తల్లి వెంట తిరిగి నేర్వవలసిన విద్యను అది నేర్వలేదు. జింకను తరుముట దానికి ఆటయే గాని ఆకలి తీరు మార్గమని తెలియదు. మొదట విడిచిన చోట అది జబ్బుపడెను. మరల తెచ్చి మేరు ప్రాంతమున ఒక యేటి ఒడ్డున విడిది వేసిరి. మృగమును కొట్టి, చర్మము తీయక, అట్లే దానికి పెట్టుచు వచ్చిరి. పొట్ట చీల్చుట, మాంసమును గద్దలనుండి కాచుకొనుట అది క్రమముగా నేర్చెను. కొన్ని దినములు ఒంటరిగా విడిచి మరల వచ్చి చూచిరి. ఆకలితో నకనకలాడుచున్నచో తిండి పెట్టిరి, లేనిచో దూరముగా తొలగిరి. అట్లు నెలలు గడచినవి. ఎల్సా తానే వేటాడెను, అడవి మగసింహముతో జతకట్టెను. 1959 డిసెంబరులో మూడు కూనలను కని, కొన్ని వారములకు వానిని వెంటబెట్టుకొని విడిదికి వచ్చి చూపెను. ఈ కథను జాయ్ వ్రాయగా 1960లో ‘బార్న్ ఫ్రీ’ అను గ్రంథము వెలువడి లోకమంతట చదువబడెను.

గ్రంథము చదివినవారిలో పలువురు ఇచటనే ఆగిపోయిరి. మేము ఆగదలచలేదు. 1961 జనవరి 24వ తేదీన ఎల్సా మరణించెను. పిడుదుల వలన సోకు రక్తవ్యాధి దాని ప్రాణము తీసెను. అప్పటికి దాని వయస్సు ఐదేండ్లు. తల్లిలేని పిల్లలు వేట పూర్తిగా నేర్వకమున్నే ఆకలిపాలై, చుట్టుపట్ల పల్లెలలోని మేకలపై పడినవి. పల్లెవారు బాణములు వేసిరి. ఒక కొదమ తొడలో బాణపు ములికి విరిగి నిలిచిపోయెను. ఆ సంవత్సరమే ఆడమ్సన్ దంపతులు మూడు కొదమలను బోనులలో పట్టి, సరిహద్దు దాటించి, టాంగన్యీకాలోని సెరెంగెటీ మైదానమున విడిచిరి. పిమ్మట నెలల తరబడి వెదకినను వాని జాడ సరిగా తెలియలేదు.

పల్లెవారు వేసిన ఆ బాణమును గూర్చి ఒక మాట. మన హొసూరు, దెంకణికోట ప్రాంతముల పిల్లలకు ఇది క్రొత్తగా చెప్పనక్కరలేదు. రాగి పైరు పండువేళ కావేరి అడవులనుండియు, బన్నేరుఘట్ట దిక్కునుండియు ఏనుగులు దిగివచ్చును. మంచెలపై చలిలో రాత్రి తెల్లవార్లు కూర్చుండి, నెగళ్ళు వేసి, డబ్బాలు మ్రోగించు తండ్రుల బిడ్డలు మా తరగతులలో కలరు. ఒక్క రాత్రిలో ఆరు నెలల గ్రాసము పోయిన ఇంటివానికి ఏనుగు ఘనతను వర్ణించుట పాడి గాదు. మేరు పల్లెలలో మేక పోయినవాడును అట్టివాడే. అడవి మృగముతో సహవాసమను మాటను అడవికి దూరముగా నుండువారు తేలికగా పలుకుదురు. దాని వెల చెల్లించువాడు అడవి అంచున నుండువాడు. ఆడమ్సన్ ఈ సంగతి తెలిసినవాడు. తెలిసియు తన మార్గము విడువలేదు. ఆయన జీవితమును ఆలోచింపదగినదిగా చేయుచున్నది ఇదియే.

1961లో ఆయన ఉద్యోగము విడిచెను. ‘బార్న్ ఫ్రీ’ కథను సినిమాగా తీసినప్పుడు సింహములతో మెలగు విధము నటులకు నేర్పినది ఆయనయే. ఆ చిత్రము 1966లో విడుదలయ్యెను. నటించిన సింహములలో పెక్కు జంతుప్రదర్శనశాలలకు పోగా, మూడింటిని ఆయన అడిగి తీసికొని మేరు అడవిలో విడిచెను. వానిలో బాయ్ అనునది ఒకటి. అది ఒక సైనిక దళము పెంచుకొనిన సింహము, మనుష్యుల మధ్య పెరిగినది. 1969లో అది వాహనమున కూర్చున్న ఒక చిన్న బాలుని కరచెను. బాలుడు బ్రదికెను గాని, ఆడమ్సన్ మేరు విడిచి పోవలసివచ్చెను.

1970లో ఆయన తానా నది చెంత కోరా అను నిర్జన ప్రదేశమునకు చేరెను. పంట పండని, పెట్టుబడి పెట్టువాడు లేని నేల గనుక ప్రభుత్వము సమ్మతించెను. సోదరుడు టెరెన్సు తోడై బాటలు వేసి, గుడిసెలు కట్టెను. ఈ టెరెన్సునకు ఏనుగులపై ప్రీతి గాని సింహములపై లేదు. అయినను అన్నిటికి చేయి వేసెను. విడిదికి స్వాహిలీ భాషలో సింహముల విడిది అని అర్థము వచ్చునట్లు కాంపి యా సింబా అని పేరు పెట్టిరి. చుట్టును ఎత్తైన ఇనుప తీగల కంచె కట్టిరి. లోపల మనుష్యులు, వెలుపల సింహములు! జంతుప్రదర్శనశాల తారుమారైనట్లుండెడిది.

అచటికి వచ్చినవానిలో క్రిస్టియన్ అను సింహము మిక్కిలి ప్రసిద్ధము. లండన్ నగరములోని ఒక పెద్ద అంగడిలో 1969లో అమ్ముడుపోయి, ఇద్దరు యువకుల వద్ద కుర్చీలు బల్లలు అమ్ము దుకాణమున పెరిగినది. మరుసటి సంవత్సరము కోరా చేరెను. 1971లో ఆ యువకులు చూడవచ్చినప్పుడు అది గుర్తించి, వెనుక కాళ్ళపై లేచి వారిని కౌగిలించుకొనిన దృశ్యమును నేడు కోట్లమంది తెరపై చూచియుందురు. 1973 తరువాత అది కనబడలేదు.

అదే 1971లో జరిగిన మరొక సంగతిని తెరపై ఎవరును చూడరు. విడిదిలో వంటచేయు పనివాడు ఒకనాడు కంచె వెలుపలికి పోగా బాయ్ అతనిపై పడెను. కేక విని ఆడమ్సన్ తుపాకితో పరుగెత్తి, తాను బిడ్డవలె చూచుకొనిన ఆ సింహమును కాల్చి చంపెను. పనివాడు అప్పటికే తీరని గాయము పొంది ప్రాణము విడిచెను. ఆ సింహముల పేర్లు దేశదేశములవారు ఎరుగుదురు. ఆ వంటవాని పేరు ఎరిగినవారు బహు కొలదిమంది. ఆడమ్సన్‌పై మాకు గౌరవము గలదు, కాని ఈ లెక్క సరియైనదని చెప్పలేము.

ఆయన పద్ధతిలోని చిక్కు ఇచటనే యున్నది. సింహమునకు ప్రేమ చూపి, ఆ ప్రేమ బలముతోనే దానిని అడవికి నడపెను. కాని మనుష్యుని చూచి జంకని మృగము మనుష్యునకు అపాయము, తనకును అపాయమే. నేడు ఈ పని చేయువారు వేరొక మార్గము పట్టిరి. శ్రీలంకలో ఉడవలవే వద్ద 1995లో ఏర్పడిన అనాథ గున్నయేనుగుల నిలయమున, చూడవచ్చినవారు దూరముననే నిలువవలయును, ముట్టరాదు. పాలు పోయువారు తప్ప మరి మనుష్య సాంగత్యము లేకుండ పెంచి, తోడి గున్నలతో గుంపుగా అడవికి పంపుదురు. మన అస్సాములో కాజీరంగా చెంత 2002లో నెలకొల్పిన కేంద్రము వరదలలో తల్లిని బాసిన ఖడ్గమృగపు పిల్లలను పెంచి, కొన్నిటిని మానస్ అడవులకు చేర్చినది. తల్లిలేని మృగమును మరల అడవికి పంపవచ్చునని లోకమునకు ఎరుకపరచినవారిలో ఆడమ్సన్ ముందువాడు; ఎట్లు పంపరాదో ఆయన అనుభవమే నేర్పెను.

1980లో ఒక సింహము టెరెన్సు ముఖమును కరచెను. అంతట ప్రభుత్వము సింహములను విడుచు కార్యమును నిలిపివేసెను. అదే సంవత్సరారంభమున, వేరుగా నివసించుచున్న జాయ్, పనినుండి తొలగింపబడినవాని చేత హత్యకు గురియయ్యెను. 1986లో టెరెన్సు మరణించెను. కోరాను 1973లోనే రక్షిత ప్రాంతముగా ప్రకటించినను, కరవు కాలమున మందలతో కాపరులు లోనికి వచ్చిరి, దంతములకై ఆయుధములు పట్టిన దొంగవేటగాండ్రును వచ్చిరి. వృద్ధుడు కదలలేదు. చివరి దినములలో మూడు అనాథ సింహపు కూనలు ఆయన చెంతకు చేరినవి.

1989 ఆగస్టు 20వ తేదీన, విడిదికి వచ్చిన ఒక విదేశ యువతిని దారిలో దొంగలు అడ్డగించిరి. తుపాకుల చప్పుడు విని ఎనుబదిమూడేండ్ల ఆడమ్సన్ పనివారితో బండి ఎక్కి వారి మీదికే నడపెను. యువతి బ్రదికెను. ఆడమ్సన్, ఆయన పనివారిద్దరు ప్రాణములు కోల్పోయిరి. ఆ మూడు కూనలను పిమ్మట బోట్స్వానా అడవులకు తరలించిరి. ఆయనను కోరాలోనే, సోదరుని సమాధికిని, తాను స్వహస్తముతో కాల్చిన బాయ్ సమాధికిని దాపున పూడ్చిరి.